పది ఎడిషన్ల యూనిక్స్: ఫోన్ కంపెనీ ల్యాబ్ నుంచి మన చేతిలోని ఫోన్ దాకా

బీటెక్ కంప్యూటర్స్ చదివే పిల్లలున్న ఇంట్లో ఈ దృశ్యం మామూలే. ల్యాప్‌టాప్‌లో నల్లటి తెర, దాని మీద తెల్లటి అక్షరాలు. ఎల్‌ఎస్, క్యాట్, గ్రెప్, మ్యాన్ అంటూ పొట్టి పొట్టి మాటలు టైప్ చేస్తూ ల్యాబ్ రికార్డు పూర్తి చేసుకుంటున్న అబ్బాయో, అమ్మాయో. పక్కన కూర్చున్న అమ్మానాన్నల చేతిలో ఆండ్రాయిడ్ ఫోన్. ఆ నల్లటి తెరకూ ఈ ఫోన్‌కూ సంబంధం ఏముందని అడిగితే చాలామంది ఏమీ లేదనే అంటారు. నిజానికి రెండింటి మూలమూ ఒక్కటే. అది అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం, మర్రే హిల్ అనే ఊళ్లో, ఒక టెలిఫోన్ కంపెనీ పరిశోధనశాలలో 1969లో మొదలైన పని. దాని పేరు యూనిక్స్.

ఒకప్పుడు హైదరాబాద్ అమీర్‌పేటలో ఏ కోచింగ్ సెంటర్ బోర్డు చూసినా "సి, యూనిక్స్" అనే మాటలు కనిపించేవి. వాటిని నేర్చుకుని ఉద్యోగాలు తెచ్చుకున్నవాళ్లు మన కుటుంబాల్లోనూ ఉన్నారు. ఆ యూనిక్స్ అమ్మడానికి తయారైన సరుకు కాదని, మొదట్లో దానికి ఒక బడ్జెట్టూ, కంపెనీ నుంచి ఒక ఆర్డరూ కూడా లేవని తెలిసినవాళ్లు మాత్రం తక్కువ. 1971 నుంచి 1989 వరకు పరిశోధనశాలలో పది ఎడిషన్లుగా వచ్చిన ఆ రూపాలనే "రీసెర్చ్ యూనిక్స్" అంటారు. అది ఎలా పెరిగింది, తలుపులు తెరిచి ఉన్నప్పుడు ఏమైంది, మూసినప్పుడు ఏమైంది అన్నది ఇంజినీరింగ్ పిల్లలే కాదు, వాళ్ల పెద్దవాళ్లూ తెలుసుకోవాల్సిన సంగతి.

పెద్ద ప్రాజెక్టు, పెద్ద నిరాశ

ముందుగా ఒక మాట. ఆపరేటింగ్ సిస్టమ్ అంటే కంప్యూటర్ లోపల ఉండే నిర్వాహకుడి లాంటిది. ఏ ప్రోగ్రామ్‌కు ఎంత మెమరీ ఇవ్వాలి, ఎవరి ఫైలు ఎక్కడ దాచాలి, ఒకేసారి నలుగురు పని చేస్తుంటే ఎవరి వంతు ఎప్పుడు అన్నదంతా అదే చూసుకుంటుంది. అది లేకపోతే యంత్రం ఎంత ఖరీదైనదైనా ఇనప పెట్టెతో సమానం.

1960లలో కంప్యూటర్ అంటే ఒక గది నిండా పట్టేంత యంత్రం. అలాంటి ఒక యంత్రాన్ని ఎందరో ఒకేసారి వాడుకునేలా చేయాలని ఎంఐటీ విశ్వవిద్యాలయం, జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ, ఏటీ అండ్ టీ టెలిఫోన్ కంపెనీకి చెందిన బెల్ ల్యాబ్స్ కలిసి ఒక ప్రాజెక్టు చేపట్టాయి. దాని పేరు మల్టిక్స్. ఆలోచన గొప్పదే. కానీ ఏళ్లు గడిచాయి, ఖర్చు పెరిగింది, చేతికి పని వచ్చింది మాత్రం కొంచెమే. 1969లో బెల్ ల్యాబ్స్ ఆ ప్రాజెక్టు నుంచి తప్పుకుంది.

ఆ పనిలో ఉన్న కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ, డగ్ మెక్‌ఇల్‌రాయ్, జో ఒస్సానా లాంటివాళ్లకు అది పెద్ద దెబ్బ. మల్టిక్స్ నత్తనడకన సాగినా, దాని మీద కూర్చుని నలుగురూ కలిసి పని చేసుకునే వాతావరణం వాళ్లకు బాగా అలవాటైంది. అలాంటిది మళ్లీ కావాలని, అందుకు ఒక కంప్యూటర్ కొనివ్వమని పైవాళ్లను అడిగారు. ఒకసారి చెయ్యి కాలిన యాజమాన్యం మళ్లీ ఆపరేటింగ్ సిస్టమ్ మాట ఎత్తితే ఒప్పుకుంటుందా? అడిగిన ప్రతిసారీ కుదరదనే జవాబు.

మూల పడి ఉన్న యంత్రం మీద

ఆ రోజుల్లో థాంప్సన్ ఒక ఆట రాశారు. సూర్యుడు, గ్రహాల మధ్య ఒక ఓడను నడిపించే ఆట అది. పెద్ద కంప్యూటర్ మీద దాన్ని ఒకసారి ఆడితే లెక్కలో 75 డాలర్ల దాకా ఖర్చు పడేది. దాంతో ఆయన వేరే యంత్రం కోసం వెతికారు. ల్యాబ్‌లో పెద్దగా ఎవరూ వాడని పాత పీడీపీ-7 కంటబడింది. దాని మెమరీ 8 వేల పైచిలుకు పదాలు మాత్రమే. ఇవాళ వాట్సాప్‌లో వచ్చే ఒక్క చిన్న ఫొటో కూడా అందులో పట్టదు.

ఆటను ఆ యంత్రం మీదికి తెచ్చే పనిలో దాని గుట్టంతా ఆయనకు తెలిసింది. ఫైళ్లను దాచే పద్ధతి గురించి ముందే సహచరులతో కలిసి వేసుకున్న ప్లాన్ ఒకటి చేతిలో ఉంది. 1969 వేసవిలో ఆయన భార్య పసిబిడ్డను చంకనేసుకుని కాలిఫోర్నియాలోని అత్తమామల దగ్గరికి కొన్ని వారాలు వెళ్లారు. ఇంట్లో ఒంటరిగా ఉన్న థాంప్సన్ ఒక్కో భాగానికి ఒక్కో వారం చొప్పున పెట్టుకుని పని పూర్తి చేశారు. ఆమె తిరిగొచ్చేసరికి ఒక చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ తన కాళ్ల మీద తాను నిలబడింది. మల్టిక్స్‌లో "మల్టి" అంటే అనేకం. అది బోలెడన్ని పనులు చేస్తానంటే ఇది ఒక్క పని చేస్తుందని ఎగతాళిగా "యూనిక్స్" అన్నారు. ఆ పేరు సూచించింది బ్రయన్ కెర్నిగన్ అని చెబుతారు. ఎగతాళి మాటే చివరికి అసలు పేరైంది.

టైపిస్టుల కోసమంటూ దొరికిన కంప్యూటర్

పీడీపీ-7 పాతది, ఇరుకైనది. కొత్త యంత్రం కావాలి. ఈసారి అడిగే తీరు మార్చారు. ఆపరేటింగ్ సిస్టమ్ అనే మాట పక్కనపెట్టి, కాగితాలు తయారుచేసే ఏర్పాటు చేస్తామన్నారు. బెల్ ల్యాబ్స్ పేటెంట్ విభాగంలో టైపిస్టులు రోజూ బోలెడన్ని దరఖాస్తులు సిద్ధం చేయాలి. ఆ పనికి పనికొచ్చేలా చేసిస్తామన్నాక 65 వేల డాలర్ల విలువ చేసే పీడీపీ-11 ప్రతిపాదన ముందుకు కదిలింది. యంత్రం 1970 వేసవి చివర్లో వచ్చింది. డిస్కు రావడానికి మాత్రం డిసెంబర్ దాకా ఆగాల్సి వచ్చింది.

ఇచ్చిన మాట వాళ్లు తప్పలేదు. 1971లో పేటెంట్ విభాగం టైపిస్టులు నిజంగానే యూనిక్స్ మీద పని చేశారు. ఆ యంత్రం మెమరీ 24 కిలోబైట్లు. అందులో 16 సిస్టమ్‌కు, 8 వాడుకునేవాళ్లకు. డిస్కు అర మెగాబైటు. ఒకరి ప్రోగ్రామ్ మరొకరి ప్రోగ్రామ్‌ను చెడగొట్టకుండా అడ్డుగోడ ఏదీ ఆ యంత్రంలో లేదు. పరిశోధకులు కొత్త ప్రోగ్రామ్ పరీక్షించాలంటే భయపడాల్సి వచ్చేది, ఎందుకంటే అదే సమయంలో టైపిస్టులు అదే యంత్రం మీద పని చేసుకుంటున్నారు. తప్పు జరిగితే వాళ్ల పనంతా పోతుంది.

ఇలా ఇబ్బంది పడటం వల్లే ఒక మేలు జరిగింది. తయారుచేసినవాళ్లకు మొదటి రోజు నుంచే అసలైన వాడకందారులు దొరికారు. పైగా కంప్యూటర్ శాస్త్రం చదవనివాళ్లు. ఏ కమాండ్ తికమక పెడుతోంది, ఏది పనికొస్తోంది అన్నది పక్క గదిలోంచే తెలిసిపోయేది.

వెర్షన్ అంటే పుస్తకం ముద్రణ

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. ఇవాళ ఫోన్‌లో ఆండ్రాయిడ్ 14, 15 అన్నట్టు అప్పట్లో సాఫ్ట్‌వేర్‌కు నంబర్లు పెట్టలేదు. మర్రే హిల్‌లో సిస్టమ్ రోజూ మారుతూనే ఉండేది. ఎప్పుడో ఒకసారి, మార్పులు బాగా పేరుకున్నాక, దాని మాన్యువల్‌ను, అంటే వాడే విధానం చెప్పే పుస్తకాన్ని, మళ్లీ ముద్రించేవాళ్లు. ఆ పుస్తకం ఎన్నో ముద్రణ అయితే సిస్టమ్‌ను కూడా అదే నంబర్‌తో పిలిచారు. అందుకే వాటిని ఎడిషన్లు అంటారు.

మొదటి ఎడిషన్ మాన్యువల్ మీద ఉన్న తేదీ 1971 నవంబర్ 3. రాసింది థాంప్సన్, రిచీ. అందులో ప్రతి కమాండ్‌కూ ఒక పేజీ. పేరు, వాడే పద్ధతి, వివరణ. ఆ తర్వాత రెండు అంశాలు ఉన్నాయి, వాటిని గమనించాలి. ఒకటి, దానికి ఎవరు బాధ్యులో తెలిపే పేరు. రెండోది "బగ్స్", అంటే అందులో ఇంకా మిగిలి ఉన్న లోపాలు. తమ పనిలో లోపం ఎక్కడుందో తామే రాసి, కింద ఎవరిని అడగాలో కూడా చెప్పారు. ఇవాళ ఏ లినక్స్ కంప్యూటర్‌లోనైనా "మ్యాన్" అని టైప్ చేస్తే వచ్చే పేజీలు ఆ పద్ధతికి వారసులే. లోపాల భాగం చాలా పేజీల్లో ఇప్పటికీ కనిపిస్తుంది.

అలాంటి లోపాల్లో ఒకటి కాలం లెక్క. మొదటి ఎడిషన్ సిస్టమ్ సమయాన్ని సెకనులో 60వ వంతు చొప్పున లెక్కపెట్టేది. ఆ లెక్క దాచుకునే చోటు రెండున్నరేళ్లలోపే నిండిపోతుంది. అందుకని లెక్క మొదలయ్యే తేదీని మార్చుకుంటూ వచ్చి, చివరికి 1970 జనవరి 1 నుంచి సెకన్లలో లెక్కించాలని స్థిరపడ్డారు. ఇవాళ ఎన్నో యాప్‌లు, సర్వర్లు లోలోపల లెక్కించేది ఆ తేదీ నుంచే. అయితే పాత పద్ధతిలో 32 బిట్ల చోటే ఉంచుకున్న యంత్రాల్లో ఆ లెక్క 2038 జనవరి 19తో నిండిపోతుంది. ఆ రోజు వచ్చేలోగా వాటిని సరిచేసుకోవాలని ఇంజినీర్లు ఇప్పటి నుంచే పని చేస్తున్నారు.

గొట్టాలు, గ్రెప్, సి భాష

రెండో ఎడిషన్ 1972 జూన్‌లో వచ్చింది. అప్పటికి యూనిక్స్ నడుస్తున్న చోట్లు పది. మూడో ఎడిషన్ 1973 ఫిబ్రవరిలో వచ్చేసరికి అవి 16 అయ్యాయి. మూడో ఎడిషన్‌తో వచ్చిన పెద్ద మార్పు "పైప్".

దాని వెనక తొమ్మిదేళ్ల పట్టుదల ఉంది. తోటలో నీళ్ల గొట్టాలను ఒకదానికొకటి బిగించినట్టు ప్రోగ్రాములను కూడా కలపగలగాలని మెక్‌ఇల్‌రాయ్ 1964లోనే ఒక కాగితం మీద రాశారు. యూనిక్స్ వచ్చాక అదే మాట థాంప్సన్‌తో మళ్లీ మళ్లీ అన్నారు. చివరికి 1973లో థాంప్సన్ ఒక్క రాత్రిలో దాన్ని చేసి చూపించారు. ఒక ప్రోగ్రామ్ ఇచ్చే ఫలితం నేరుగా రెండో ప్రోగ్రామ్‌కు చేరుతుంది, అక్కడి నుంచి మూడోదానికి. బిర్యానీ వండే చోట ఒకరు ఉల్లిపాయలు తరిగి ఇస్తే, మరొకరు వేయిస్తే, ఇంకొకరు దమ్ పెట్టినట్టు. ఎవరి పని వాళ్లు సరిగా చేస్తే చాలు, అన్నీ ఒకరే చేయాల్సిన అవసరం లేదు. మర్నాడే ల్యాబ్‌లో అందరూ చిన్న చిన్న ప్రోగ్రాములను గుచ్చి కొత్త కొత్త పనులు చేయడం మొదలుపెట్టారు. ఒక ప్రోగ్రామ్ ఒక పనే చేయాలి, అది బాగా చేయాలి అనే సూత్రం ఇక్కడి నుంచే బలపడింది.

ఫైళ్లలో కావాల్సిన మాట వెతికిపెట్టే గ్రెప్ కూడా ఆ రోజుల్లోదే. నాలుగో ఎడిషన్ మాన్యువల్‌లో దాని పేజీ ఉంది. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు "ఒకసారి గ్రెప్ చేసి చూడు" అనుకుంటారంటే, అది యాభై ఏళ్ల నాటి మాట.

1973 నవంబర్ నాటి ఆ నాలుగో ఎడిషన్‌తోనే అన్నిటికంటే పెద్ద మలుపు వచ్చింది. అప్పటిదాకా ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఏ యంత్రానికి ఆ యంత్రం సొంత భాష అయిన అసెంబ్లీలోనే రాయాలన్నది గట్టి నమ్మకం. యంత్రం మారితే అంతా మొదటికి. ఈలోగా రిచీ ఒక కొత్త భాష తయారుచేస్తున్నారు. థాంప్సన్ రాసిన "బి" అనే చిన్న భాషను పెంచుతూ వెళ్లి దానికి "సి" అని పేరు పెట్టారు. 1972లో థాంప్సన్ యూనిక్స్‌ను అందులో తిరగరాయబోయి మధ్యలో వదిలేశారు. వేర్వేరు రకాల సమాచారాన్ని ఒక కట్టగా కట్టే సౌకర్యం, అంటే పిల్లలు ఇవాళ "స్ట్రక్చర్" అని చదివేది, అప్పటికి సి భాషలో లేదు. రిచీ దాన్ని చేర్చాక, 1973 వేసవిలో సిస్టమ్ గుండెకాయ లాంటి కెర్నల్‌ను సి భాషలో తిరగరాశారు.

యంత్రం సొంత భాషను వదిలి అందరూ చదవగల భాషలోకి రావడంతో యూనిక్స్ ఒక యంత్రానికి కట్టుబడి ఉండాల్సిన అవసరం పోయింది. 1977లో ఆస్ట్రేలియాలోని వొలాంగాంగ్ విశ్వవిద్యాలయంలోనూ, బెల్ ల్యాబ్స్‌లోనూ విడివిడిగా దాన్ని వేరే కంపెనీ యంత్రాల మీద నడిపించే పని జరిగింది. అది అయ్యే పనేనని రుజువైంది.

చట్టం తెరిచిన తలుపు

1973 అక్టోబర్‌లో ఒక సదస్సులో, ఆ తర్వాత 1974 జులైలో ఒక ప్రముఖ పత్రికలో థాంప్సన్, రిచీ తమ పని గురించి చెప్పారు. 40 వేల డాలర్ల యంత్రం మీద కూడా ఇలాంటి సిస్టమ్ నడుస్తుందని, ముఖ్యమైన సాఫ్ట్‌వేర్ రాయడానికి ఇద్దరు మనుషుల ఏడాది శ్రమ కూడా పట్టలేదని అందులో చెప్పేసరికి విశ్వవిద్యాలయాలు క్యూ కట్టాయి.

మరి ఏటీ అండ్ టీ దాన్ని ఎందుకు అమ్ముకోలేదు? దానికి కారణం ఒక కోర్టు ఒప్పందం. అమెరికాలో టెలిఫోన్ వ్యాపారమంతా ఒకే కంపెనీ గుప్పిట్లో ఉందని ప్రభుత్వం వేసిన కేసు 1956లో రాజీతో ముగిసింది. టెలిఫోన్ వ్యాపారం దాటి వేరే వ్యాపారాల్లోకి వెళ్లబోమని కంపెనీ ఒప్పుకుంది. అందుకని యూనిక్స్‌ను సరుకుగా మార్కెట్లో పెట్టే వీలు లేదు. విశ్వవిద్యాలయాలకు నామమాత్రపు రుసుముకు, సోర్స్ కోడ్‌తో సహా ఇచ్చారు. సోర్స్ కోడ్ అంటే మనుషులు చదివి మార్చుకోగల అసలు రాత. కానీ సాయం చేయం, తప్పులు సరిచేయం, ఏ హామీ ఇవ్వం అని ముందే చెప్పేశారు.

చూడటానికి ఇది వాడకందారుకు అన్యాయంగా అనిపిస్తుంది. జరిగింది వేరు. కంపెనీ సాయం లేదు కాబట్టి విశ్వవిద్యాలయాలు ఒకదానికొకటి సాయం చేసుకున్నాయి. ఒకచోట తప్పు దొరికితే దాన్ని సరిచేసి మిగతావాళ్లకు టేపు మీద పంపేవాళ్లు. 1974 జూన్ నాటి ఐదో ఎడిషన్‌తో మొదలై 1975 మే నాటి ఆరో ఎడిషన్‌తో ఇది బాగా పాకింది. 1975లో థాంప్సన్ ఒక ఏడాది పాటు తాను చదువుకున్న బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి పాఠాలు చెప్పడానికి వెళ్లారు. అక్కడి విద్యార్థులు బిల్ జాయ్, చక్ హేలీ యూనిక్స్ మీద పని అందుకున్నారు. 1978లో బర్క్‌లీ నుంచి వాళ్ల సొంత టేపు బయటికొచ్చింది. దాన్నే బీఎస్‌డీ అంటారు. నేటి ఆపిల్ మ్యాక్, ఐఫోన్ల సిస్టమ్‌లో ఆ వంశం నుంచి వచ్చిన భాగాలున్నాయి.

ఒక టీచరు రాసిన పుస్తకం

ఆ రోజుల్లో సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో జాన్ లయన్స్ అనే అధ్యాపకుడు ఉండేవారు. ఆపరేటింగ్ సిస్టమ్ గురించి నల్లబల్ల మీద బొమ్మలు గీసి చెబితే సరిపోదని, నిజంగా పని చేసే ఒక సిస్టమ్‌ను విద్యార్థులు ఆసాంతం చదవాలని ఆయన అభిప్రాయం. ఆరో ఎడిషన్ కెర్నల్ సుమారు 9 వేల వరుసలు. ఒక విద్యార్థి కూర్చుని చదివి అర్థం చేసుకోగలంత. లయన్స్ ఆ కోడ్‌ను ఒక పుస్తకంగా, దాని మీద వరుస వరుసకూ వివరణను మరో పుస్తకంగా తయారుచేశారు. మన పెద్దలు ఒక కితాబుకు షరహ్ రాసినట్టు.

అది బెల్ ల్యాబ్స్‌వాళ్లకే ఎంతో నచ్చింది. కానీ 1979 జనవరిలో ఏడో ఎడిషన్ వచ్చేనాటికి కంపెనీ లెక్క మారింది. యూనిక్స్‌కు విలువ ఉందని తెలిసింది. కొత్త లైసెన్స్‌లో సోర్స్ కోడ్‌ను తరగతి గదిలో పాఠంగా చెప్పకూడదని షరతు పెట్టారు. లయన్స్ పుస్తకం బహిరంగంగా దొరకకుండా పోయింది. విద్యార్థులు ఊరుకున్నారా? జిరాక్స్ మీద జిరాక్స్ తీసుకుని, అక్షరాలు మసకబారినా సరే, చేతులు మారుస్తూ చదువుకున్నారు. ఆ పుస్తకం సక్రమంగా అచ్చై బయటికి రావడానికి 1996 దాకా పట్టింది.

తలుపు మూస్తే ఏమైంది

ఏడో ఎడిషన్ పనితనం పరంగా గొప్పది. కొత్త షెల్, ఆక్, సెడ్, మేక్, కంప్యూటర్ల మధ్య ఫైళ్లు పంపే యూయూసీపీ ఇవన్నీ అందులో ఉన్నాయి. తర్వాత వచ్చిన యూనిక్స్ రకాలన్నిటికీ దాదాపు అదే పునాది. కానీ తరగతి గదిలోకి రావద్దన్న షరతు ఊహించని దారి తీసింది.

1983లో రిచర్డ్ స్టాల్‌మన్ యూనిక్స్ లాంటిదాన్నే పూర్తిగా స్వేచ్ఛగా పంచుకునేలా మొదటి నుంచి రాస్తామని గ్నూ ప్రాజెక్టు ప్రకటించారు. 1984 జనవరి 1న ఏటీ అండ్ టీ ముక్కలైంది. పాత ఆంక్షలు తొలగి కంపెనీ యూనిక్స్ వ్యాపారంలోకి నేరుగా దిగింది. ధరలు, లైసెన్సులు, వకీళ్ల నోటీసులు పెరిగాయి. ఆమ్‌స్టర్‌డామ్‌లో పాఠాలు చెప్పే ఆండ్రూ టానెన్‌బామ్, పిల్లలకు చూపించడానికి కోడ్ లేకపోయేసరికి, 1987లో మినిక్స్ అనే సిస్టమ్‌ను తానే రాసి పుస్తకంతో పాటు ఇచ్చారు. ఆ మినిక్స్ మీద నేర్చుకున్న ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్ మొదలుపెట్టారు. ఆండ్రాయిడ్ ఫోన్ల లోపల నడిచే కెర్నల్ అదే.

అంటే తలుపు మూసినా చదువు ఆగలేదు, పక్కన ఇంకో ఇల్లు కట్టుకున్నారు. యూనిక్స్ అసలు కోడ్‌లో ఒక్క వరుస తీసుకోకుండానే దాని పద్ధతి మొత్తాన్ని మళ్లీ నిలబెట్టగలిగారంటే, అప్పటికే అది ఎందరి బుర్రల్లోకి ఎక్కిందో అర్థమవుతుంది.

మర్రే హిల్‌లో అసలు బృందం పని ఆపలేదు. ఎనిమిదో ఎడిషన్ 1985లో, తొమ్మిది 1986లో, పది 1989లో వచ్చాయి. కొత్త ఆలోచనలు చాలానే ఉన్నాయి. కానీ అవి బయట కొద్ది చోట్లకే చేరాయి. చదివినవాళ్లే తక్కువ కాబట్టి వాటి పేర్లు కూడా చాలామందికి తెలియవు. ఆరో ఎడిషన్ కంటే పదో ఎడిషన్ ఎన్నో రెట్లు మెరుగైనదే, అయినా లోకాన్ని మార్చింది ఆరోదే.

దాదాపు పోగొట్టుకున్న చరిత్ర

ఇంత చరిత్ర ఉన్న ఆ తొలి ఎడిషన్లను ఎవరైనా భద్రంగా దాచారా అంటే, లేదు. డిస్కు చిన్నది, టేపు ఖరీదైనది. పాతదాని మీదే కొత్తది రాసుకుంటూ పోయారు. 1990ల నుంచి కొందరు ఔత్సాహికులు పాత టేపులు, కాగితాలు వెతికి పోగుచేయడం మొదలుపెట్టారు. మొదటి ఎడిషన్ కెర్నల్ టేపు మీద దొరకలేదు. 1972 నాటి ఒక కాగితపు ప్రతి దొరికితే దాన్ని మళ్లీ కంప్యూటర్‌లోకి ఎక్కించి, తప్పులు దిద్ది, 2008లో నడిపించారు. పీడీపీ-7 నాటి అసలు కోడ్ కూడా కాగితాల మీదే బయటపడింది. 2016లో అదీ మళ్లీ ప్రాణం పోసుకుంది. సి భాషలో రాసిన మొదటి రూపమైన నాలుగో ఎడిషన్ టేపు 2025లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో దొరికింది. 50 ఏళ్లు దాటిన ఆ టేపును కాలిఫోర్నియాలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియానికి తీసుకెళ్లి అందులోని సమాచారాన్ని బయటికి తీశారు.

టేపు ఉన్న చోట టేపు, అది లేని చోట కాగితం, ఈ రెండిటి వల్లే చరిత్ర మిగిలింది. ఇంట్లో పాత దస్తావేజులు, పెద్దవాళ్ల చేతిరాతలు పనికిరానివని పారేసే ముందు ఒకసారి ఆలోచించాలి.

2002 జనవరిలో ఈ పాత ఎడిషన్ల హక్కులున్న కాల్డెరా కంపెనీ ఏడో ఎడిషన్ దాకా ఉన్నవాటిని స్వేచ్ఛగా వాడుకోవచ్చని అనుమతి ఇచ్చింది. ఎనిమిది, తొమ్మిది, పది ఎడిషన్లను వ్యాపారం కాని పనులకు వాడుకునే అనుమతి 2017లో వచ్చింది. అంటే లయన్స్ విద్యార్థులు జిరాక్సులు దాచుకుని చదివిన కోడ్‌ను ఇవాళ మన పిల్లలు ఇంట్లో కూర్చుని పైసా ఖర్చు లేకుండా చదవచ్చు. పాత పీడీపీ-11 యంత్రంలా నడిచే సిమ్యులేటర్లు ఉచితంగా దొరుకుతున్నాయి. ఆరో ఎడిషన్‌ను అందులో ఎక్కించి నడిపిస్తే, ఆపరేటింగ్ సిస్టమ్ పాఠ్యపుస్తకంలో నెలల తరబడి అర్థంకానివి కూడా చేతికి అందుతాయి. 9 వేల వరుసలు, రోజుకు 50 చొప్పున చదివితే ఆరు నెలల పని.

ఈ అక్షరాలు కూడా అక్కడివే

చివరగా ఈ పేజీ చదువుతున్న ప్రతి ఒక్కరికీ సంబంధించిన సంగతి. థాంప్సన్, రాబ్ పైక్ తదితరులు ప్లాన్ 9 అనే కొత్త సిస్టమ్ మీద కూడా పని చేశారు. ప్రపంచంలోని అన్ని లిపులనూ కంప్యూటర్‌లో దాచడం ఎలా అన్నది అప్పట్లో పెద్ద చిక్కు. పాత పద్ధతులు ఇంగ్లీషుకు కుదిరితే మిగతా భాషలకు కుదిరేవి కావు, లేదంటే పాత ప్రోగ్రాములు పని చేయకుండా పోయేవి. 1992 సెప్టెంబర్‌లో ఒక రాత్రి న్యూజెర్సీలోని ఒక హోటల్లో భోజనం చేస్తూ, బల్ల మీద పళ్లెం కింద వేసే కాగితం మీద థాంప్సన్, పైక్‌తో మాట్లాడుతూ ఒక పద్ధతి గీశారు. కొద్ది రోజుల్లోనే వాళ్ల సిస్టమ్ మొత్తం దాని మీద నడిచింది. దాని పేరు యూటీఎఫ్-8.

ఇవాళ ఇంటర్నెట్‌లో కనిపించే అక్షరాల్లో అత్యధికం ఆ పద్ధతిలోనే ప్రయాణిస్తాయి. అందులో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, ఉర్దూ అక్షరానికి రెండు, తెలుగు అక్షరానికి మూడు. ఏ లిపినీ పక్కనపెట్టలేదు. ఒకే పేజీలో కుడి నుంచి ఎడమకు ఉర్దూ, ఎడమ నుంచి కుడికి తెలుగు కలిసి కనిపిస్తున్నాయంటే, అమ్మమ్మ పంపిన ఉర్దూ మెసేజ్‌కు మనవరాలు తెలుగులో జవాబు ఇస్తోందంటే, అందులో ఆ రాత్రి కాగితం మీద గీసిన గీతల పాలు ఉంది.

థాంప్సన్, రిచీలకు 1983లో కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు ఇచ్చారు. రిచీ 2011 అక్టోబర్‌లో కన్నుమూశారు. వాళ్లు చేసినవి చూస్తే అన్నీ చిన్నగా మొదలైనవే. పాత యంత్రం, చిన్న బృందం, తక్కువ మెమరీ. చేసిన ప్రతిదాన్నీ రాసిపెట్టారు, లోపం ఉంటే ఉందని రాశారు, అడిగినవాళ్లకు ఇచ్చారు. నల్లటి తెర ముందు కూర్చుని విసుక్కునే పిల్లలకు ఈసారి ఇది చెప్పి చూడండి. ఆ పొట్టి కమాండ్లలో ఏదో ఒకదాని పక్కన "మ్యాన్" అని టైప్ చేయమనండి. ఆ పేజీలో కింద ఎక్కడో "బగ్స్" అనే మాట కనిపిస్తే, అది 1971 నాటి అలవాటని వాళ్లకే అర్థమవుతుంది.